మెట్ల కింద మిగిలిన మూడు గ్యాసు బండలు

విశాఖపట్నం అల్లిపురంలోని మా నాన్నగారి ఇంటిని ఈ వేసవిలో బిల్డరుకు అప్పగించాము. నలభై ఏళ్లకు పైగా మనుషులు మసలిన ఇంటిని ఖాళీ చేయడం ఎంత పనో చేసినవారికే తెలుస్తుంది. మంచాలు, బీరువాలు చుట్టాలు పట్టుకెళ్లారు. ఇత్తడి బిందెలు, గంగాళం అక్కా నేనూ పంచుకున్నాము. నాన్నగారి పుస్తకాలు ఒక గ్రంథాలయానికి చేరాయి. విరిగిన కుర్చీలు, రేకులు, పాత ఫ్యాన్లు ఇనుప సామాన్ల రిక్షా ఎక్కాయి. అంతా అయిపోయిందనుకున్న రోజున మెట్ల కింద గోనెపట్టాల వెనక మూడు గ్యాసు బండలు బయటపడ్డాయి. ఆ మూడింటినీ సక్రమంగా గడప దాటించడానికి, మిగతా ఇల్లంతా ఖాళీ చేయడానికి పట్టినన్ని రోజులు పట్టాయి. అందులో ఒకటి ఇంకా తెమలనేలేదు. అన్ని రోజులు పట్టకూడదని, పట్టేలా చేసిన పద్ధతిని మార్చడం కష్టమేమీ కాదని నా నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా వచ్చినవాడు ఇనుప సామాన్లు కొనే అబ్బాయే. అప్పటికి మూడు రోజులుగా మా ఇంటికి వస్తూ పోతూ ఉన్నాడు, మంచివాడు, కాటాలో మోసం చేయలేదు. ఒక బండను బయటికి లాగి, వేలితో రెండుసార్లు మోగించి, స్ప్రింగు కాటాకు తగిలించి, ‘పదహారు కిలోలకు కొంచెం తక్కువుందమ్మా, నాలుగొందలిచ్చేస్తాను’ అన్నాడు. ‘తీసుకెళ్లి ఏం చేస్తారు బాబూ దీన్ని?’ అని అడిగాను. ‘ఏటుందమ్మా, వాల్వు మీద రెండు దెబ్బలేస్తే ఊడొచ్చేస్తాది. ఆనక గ్యాస్ కట్టరెట్టి కోసేస్తారు’ అన్నాడు. ఆ మాట అతను ఎంత మామూలుగా అన్నాడంటే, కొబ్బరికాయ కొట్టడం గురించి చెబుతున్నట్టు ఉంది. నేను బండలు ఇవ్వలేదు. అతను నొచ్చుకోలేదు గానీ, ‘మీరివ్వకపోతే ఏటి, అందరూ ఇస్తన్నారు కదమ్మా’ అంటూ రిక్షా తోసుకుంటూ వెళ్లిపోయాడు. అందరూ ఇస్తున్నారన్న మాటే ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మనం ఖాళీ బండ అంటాము గానీ, నిజానికి ఖాళీ అయినది వంటకు పనికివచ్చే ఒత్తిడి మాత్రమే. ఇళ్లలో వాడే 14.2 కిలోల బండ లోపలి పరిమాణం సుమారు 33 లీటర్లు. పొయ్యి మీద మంట ఆరిపోయిన క్షణంలో ఆ 33 లీటర్ల జాగాలో గాలి ఉండదు, గ్యాసు ఆవిరే నిండి ఉంటుంది. బయటి గాలితో సమానమైన ఒత్తిడికి దిగిపోయింది గనుక అది పొయ్యి దాకా రావడం మానేసింది, అంతే. ఈ గ్యాసు గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. లెక్క వేసి చూస్తే, ఖాళీ అనుకున్న ఒక్క బండలో మిగిలిన ఆవిరి గాలితో కలిసి పదహారు వందల లీటర్లకు పైగా మండే మిశ్రమాన్ని తయారుచేయగలదు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఒకటిన్నరకు మించినంత అన్నమాట. సుత్తితో వాల్వు ఊడగొట్టగానే ఆవిరి కొంత బయటికి వస్తుంది, గాలి కొంత లోపలికి పోతుంది, ఇనుప గోడల మధ్య సరిగ్గా మండే పాళ్లలో ఆ రెండూ కలిసే ఘడియ ఒకటి వస్తుంది. కట్టరు మంట ఆ ఘడియలో తగిలిందా, ఆ కోసేవాడికి ఇక చెప్పేదేముంది.

దీనికి తోడు బండ అడుగున కొన్నిసార్లు కొంత ద్రవం కూడా మిగిలి ఉంటుంది. ఈ గ్యాసులో ఉండే ప్రొపేను సున్నాకు 42 డిగ్రీల దిగువనే ఆవిరైపోతుంది గానీ, బ్యూటేను మరిగే ఉష్ణోగ్రత సున్నా దగ్గర ఉంటుంది, అంతకంటే బరువైన అవశేషాలు మరీ నెమ్మదిగా ఆవిరవుతాయి. అందుకే అరకు చలిలో అయిపోయిందనిపించిన బండ, ఎండలో పెట్టి మళ్లీ బిగిస్తే ఇంకో పూట వెలుగుతుంది. చివరి గ్యాసు కోసం బండను పడుకోబెట్టడం, వేడినీళ్ల బేసినులో నిలబెట్టడం మన ఇళ్లలో పెద్దవాళ్లు చేస్తుండగా చూసే పెరిగాము. అవి చేయకూడని పనులు. డాబా మీద మే నెల ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న బండలో కూడా అదే జరుగుతుందని, లోపల మిగిలినది ఎండకు ఆవిరై ఒత్తిడి పెంచుతుందని తెలిస్తే, మెట్ల కిందనో మేడ మీదనో వాటిని అలా వదిలేయడానికి ఎవరికీ మనసొప్పదు.

విశాఖపట్నం వాళ్లకు ఈ గ్యాసు స్వభావం ఎవరూ నేర్పనక్కర్లేదు. పెద్దవాళ్లు ఇప్పటికీ కాల్టెక్స్ అని పిలిచే రిఫైనరీ 1957 నుంచీ ఈ ఊళ్లోనే ఉంది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. యారాడ కొండ దగ్గర భూగర్భంలో రాతిని తొలిచి 60 వేల టన్నుల గ్యాసు నిల్వ చేసే గుహ 2007 నుంచి పనిచేస్తోంది. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం రిఫైనరీలో లీకైన గ్యాసు అంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు, ఊరు సగం భయంతో కట్టుబట్టలతో బయలుదేరింది. గాలి కంటే బరువైన గ్యాసు పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది, పల్లంలో నిలుస్తుంది, నిప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ పోయినట్టు పోతుంది. ఆ రోజు ఆకాశమంతా కమ్మిన నల్లటి పొగను మా డాబా మీద నిలబడి చూసినదాన్ని. టన్నుల గ్యాసుకూ బండ అడుగున మిగిలిన గ్రాములకూ పోలికే లేదని నాకు తెలుసు. కానీ స్వభావం ఒక్కటే. మెట్ల కింద వాడని బండ లీకైతే ఆవిరి చేరేది కూడా ఆ మెట్ల కింద పల్లంలోనే.

ఇక బండ ఎవరిది అన్న ప్రశ్న. చాలామంది ఇది తాము కొనుక్కున్నదని అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. కనెక్షన్ తీసుకున్నప్పుడు మనం కట్టేది ధర కాదు, తిరిగి ఇచ్చే డిపాజిట్టు. 2022 జూన్ నుంచి 14.2 కిలోల బండకు ఆ డిపాజిట్టు 1,450 రూపాయల నుంచి 2,200కు, రెగ్యులేటరుకు 150 నుంచి 250కి పెరిగింది. డబ్బు కట్టినప్పుడు ఇచ్చే సబ్‌స్క్రిప్షన్ వోచరు ఆ డిపాజిట్టుకు రసీదు. బండ, రెగ్యులేటరు ఆయిల్ కంపెనీ ఆస్తులు, మన ఇంట్లో అవి కేవలం వాడుకకు ఉంచినవి. కనెక్షన్ వద్దనుకుంటే రెండూ ఏజెన్సీకి అప్పగించాలి, వాళ్లు టర్మినేషన్ వోచరు ఇచ్చి మనం కట్టిన డిపాజిట్టు మనకు తిరిగి ఇస్తారు. పాత రోజుల్లో ఎంత కట్టామో అంతే వస్తుంది, ఇప్పటి రేటు రాదు. పాత ఇనుము కింద అమ్మడం అంటే మనది కాని వస్తువును అమ్మడమే.

నిజానికి ఆ బండకు ఒక పూర్తి జీవితచక్రం ఉంది. పైన హ్యాండిల్ రింగును మోసే మూడు నిలువు పట్టీలు ఉంటాయి కదా, వాటి లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు రాసి ఉంటాయి. ఏ, బీ, సీ, డీ అనే అక్షరాలు ఏడాదిలోని నాలుగు మూడేసి నెలలను చెబుతాయి, అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. బీ-26 అని ఉంటే 2026 జూన్ లోపు ఆ బండను మళ్లీ పరీక్షించాలని అర్థం. బండల్లో గ్యాసు నింపే బాట్లింగ్ ప్లాంటులో లోపలి ఆవిరిని పద్ధతి ప్రకారం తీసేసి, నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి చూస్తారు. నిలిస్తే వాల్వు మార్చి, రంగు వేసి, మళ్లీ ఏదో ఒక వంటింటికి పంపుతారు. నిలవకపోతే దాన్ని మొత్తంగా అణగగొట్టాలని, లేదా ముక్కలు చేయాలని, ఆ ముక్కలను మళ్లీ అతికి సిలిండరు చేయడానికి వీల్లేని విధంగా చేయాలని గ్యాస్ సిలిండర్ల నియమాలు చెబుతాయి. అంటే బండను చంపడానికి కూడా ఒక విధి, ఒక చోటు, ఒక బాధ్యుడు ఉన్నారు. మా వీధి చివర సుత్తితో జరిగేది వీటిలో ఏదీ కాదు.

మా మూడు బండలు మెట్ల కిందికి ఎలా చేరాయో చెబితే, ఊళ్లో మిగతావి ఎలా చేరి ఉంటాయో తెలుస్తుంది.

మొదటిది నాన్నగారిది. తుప్పు మీద తడిగుడ్డతో రుద్ది, సెల్‌ఫోను లైటు వేసి చూస్తే డీ-09 అని కనిపించింది, అంటే 2009 డిసెంబరు లోపు పరీక్షకు వెళ్లవలసిన బండ. నాన్నగారు ఆ ఏడాది మార్చిలో పోయారు. అమ్మను తమ్ముడు హైదరాబాదు తీసుకువెళ్లాడు, అక్కడ వాడికి వాడి కనెక్షన్ ఉంది. కింద వాటా అద్దెకు ఇచ్చాము, అద్దెకు వచ్చినవాళ్లు తమ బండలు తామే తెచ్చుకున్నారు. దుఃఖంలో ఉన్న ఇంట్లో గ్యాసు కనెక్షన్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? బ్యాంకు ఖాతాలు, పెన్షను, ఇంటి పన్ను, కరెంటు మీటరు పేరు మార్పు, వీటన్నిటికీ తిరిగాము, దీనికి తిరగలేదు.

రెండోది మా మేనత్తది. ఆవిడ పై వాటాలో వేరుగా వండుకునేది, కనెక్షన్ ఆవిడ పేరునే ఉండేది. 2012 సెప్టెంబరులో సబ్సిడీ బండలను ఏడాదికి ఆరుకు పరిమితం చేసినప్పుడు దేశమంతటా ఒకే చిరునామాలో ఉన్న ఒకటికి మించిన కనెక్షన్లను ఏరి ఆపేశారు. తరువాత ఆ ఆరు తొమ్మిదయింది, 2014లో పన్నెండయింది గానీ, ఆగిన కనెక్షన్లలో చాలా అలాగే ఉండిపోయాయి. మేము నాన్నగారి కనెక్షన్ వెనక్కి ఇవ్వలేదు గనుక మా డోరు నంబరు మీద రెండు కనిపించాయి, అత్తయ్యది ఆగిపోయింది. మేము చేయవలసిన పని చేయకపోవడం వల్ల ఆవిడకు గ్యాసు పోయింది. ఇది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. వేరే వంటిల్లు ఉందని రుజువు చూపించమన్నారు. డెబ్బై దాటిన మనిషి, ఎక్కడికని తిరుగుతుంది? కరెంటు పొయ్యి కొనుక్కుని, బండలో మిగిలిన కాస్త గ్యాసును అవసరానికి దాచుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరంతా చీకటైపోయినప్పుడు ఆ దాచుకున్న గ్యాసు మీదే మూడు రోజులు మాకూ, కింద అద్దెవాళ్లకూ, ఎదురింటి పసిబిడ్డకు పాలకూ వెలిగింది. నాలుగో రోజు పొద్దున నీలిమంట పచ్చబడి, ఒకసారి ఎగిరి ఆరిపోయింది. తుపాను మెట్ల మీది రేకుల పందిరిని ఎత్తుకుపోవడంతో బండ ఆ ఏడు వానల్లో తడిసింది. ఈ ఊరి ఉప్పుగాలి సంగతి తెలిసిందే. ఇప్పుడు చూస్తే అడుగు రింగు బెరడులా రేకులు రేకులుగా ఊడుతోంది.

మూడోది చిన్నది, మోకాలి ఎత్తు కూడా ఉండదు. నెత్తి మీదే బర్నరు ఉన్న రకం. దాని మీద ఏ కంపెనీ గుర్తూ లేదు, బరువు రాసి లేదు, పరీక్ష తేదీ లేదు. ఎప్పుడో వెనక గదిలో అద్దెకున్న చదువుకునే కుర్రాళ్లు వదిలి వెళ్లినది అయి ఉండాలి.

నాన్నగారి బండ విషయంలో పద్ధతి పనిచేసింది, ఆ మాట చెప్పి తీరాలి. ఆయన కాగితాలు దాచే మనిషి. పోర్టు ఉద్యోగం నాటి ట్రంకుపెట్టెలో, ప్రావిడెంటు ఫండు స్లిప్పుల కింద, గ్యాసు వోచరు ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. మరణ ధ్రువపత్రం, అక్కా తమ్ముడూ సంతకం చేసిన నిరభ్యంతర పత్రం, నా ఆధారు, వోచరు, రెగ్యులేటరు, బండ తీసుకుని మూడుసార్లు తిరిగితే పని జరిగింది. చేతికి వచ్చిన డిపాజిట్టు కొన్ని వందలు. ఆటోలకు అయినది దాదాపు అంతే. నేను ఉద్యోగం నుంచి విరమించాను గనుక తిరగగలిగాను. రోజు కూలికి పోయే మనిషి మూడు పూటలు పోగొట్టుకుని ఈ పని చేయాలని మనం ఆశించవచ్చా? ఇంటి గుమ్మంలోకి వచ్చి, కాగితం అడగకుండా, నాలుగు వందలు చేతిలో పెట్టే మనిషి ఒక వైపు ఉన్నాడు. మూడు చోట్ల సంతకాలు పెట్టించి, అంతకంటే తక్కువ ఇచ్చే కౌంటరు ఇంకో వైపు ఉంది. జనం ఎటు పోతారో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. చట్టం వాళ్లను తప్పుపట్టవచ్చు, నేను పట్టలేను.

మేనత్త బండ దగ్గరకు వచ్చేసరికి అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టయింది. వోచరు లేదు, వినియోగదారు నంబరు ఎవరికీ తెలియదు, ఆవిడ 2019లో పోయింది, పిల్లలు లేరు. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ‘కాగితం లేకుండా బండ తీసుకుంటే నా స్టాకులో ఎలా చూపించనండీ? నిండు బండ ఒకటి పోతే ఖాళీ బండ ఒకటి రావాలి. ఇది ఏ లెక్కలోది?’ అని అడిగింది. ‘నాకు డబ్బు వద్దమ్మా, బండ మాత్రం తీసుకోండి’ అన్నాను. ‘డబ్బు వద్దంటే మరీ కష్టమండీ, దానికి అసలు పద్ధతే లేదు’ అంది. డబ్బు వద్దంటే కష్టం అన్న ఆ మాటలో సమస్య మొత్తం ఉంది.

డిపాజిట్టు తిరిగి ఇవ్వడం వేరు, బండ తిరిగి తీసుకోవడం వేరు. మొదటిది డబ్బు లావాదేవీ. దానికి కాగితం ఉండాలి, వారసులెవరో తేలాలి, సంతకాలు కావాలి, ఆ జాగ్రత్తను నేను కాదనను. రెండోది భద్రతకు సంబంధించిన పని. దానికి బండ కనిపిస్తే చాలు, మనిషి ఎవరన్నది అనవసరం. ఈ రెంటినీ ఒకే ముడిలో కట్టేయడం వల్ల, కాగితం పోగొట్టుకున్న మనిషి డబ్బుతో పాటు బండను వదిలించుకునే దారిని కూడా పోగొట్టుకుంటున్నాడు. కాగితం లేని ఇళ్లలో బండలు అలాగే ఉండిపోతాయి. ఇల్లు ఖాళీ చేసే రోజు వస్తుంది, అప్పుడు వాటికి మిగిలే దారి రిక్షా ఒక్కటే. నేను కోరేది ఆ ముడి విప్పమని. కంపెనీ గుర్తు ఉన్న ఏ బండనైనా, ఎవరు తెచ్చినా, ఏ కాగితమూ అడగకుండా, ఏ డబ్బూ ఇవ్వకుండా ఏజెన్సీ తీసుకుని ఒక రసీదు ఇవ్వాలి. డబ్బు కావాలనుకున్నవారు కాగితాలు వెతుక్కుని తరువాత వస్తారు.

దీనికి ఇంకో మెట్టు కూడా ఉంది. రిక్షా గెలుస్తున్నది ఇంటి ముందుకు వస్తుంది గనుక. గ్యాసు బండి కూడా వస్తుంది కదా! ఈ దేశంలో దాదాపు ప్రతి వీధికీ నిండు బండ దింపి ఖాళీ బండ ఎక్కించుకునే వాహనం వెళుతోంది. వెళ్లినన్ని బండలే తిరిగి రావాలన్న లెక్క ఒక్కటే దాన్ని ఆపుతోంది. బుకింగు చేసే ఫోనులోనే ‘అదనపు ఖాళీ బండ అప్పగింత’ అని ఒక మీట పెడితే, ఆ రోజు లెక్కలో ఒకటి ఎక్కువ రావడం తప్పు కాకుండా పోతుంది. ఏడాదంతా కుదరకపోతే సంక్రాంతికి ముందు వారం పెట్టమనండి. మన ఊళ్లో ఇళ్లు దులుపుకునేది, అటకలు ఖాళీ చేసేది అప్పుడే, పాత సామాను భోగి మంట దగ్గరికో రిక్షా దగ్గరికో చేరేదీ అప్పుడే.

ఇలా అన్నప్పుడు నాకు ఎదురైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, దొంగ బండలు వచ్చి పడతాయని. దొంగ బండను డబ్బు రాని చోటికి దొంగ ఎందుకు తెస్తాడు? ఒకవేళ తెచ్చినా, సొంతదారుకు సొత్తు చేరినట్టే కదా, అంతకంటే కావలసింది ఏముంది? రెండోది, స్టాకు లెక్క. ప్రతి బండ మీదా తయారీదారు చెక్కిన క్రమసంఖ్య ఉంటుంది, దొరికిన బండలు అని ఒక పద్దు తెరిచి ఆ సంఖ్య రాసుకోవడానికి రిజిస్టరులో ఒక పేజీ చాలు. మూడోది, తుప్పుపట్టిన బండలను గోడౌనులో పెట్టుకోవడం ప్రమాదమని. ఇది వినదగ్గ అభ్యంతరం, కానీ దానికి జవాబు కూడా అందులోనే ఉంది. ఏజెన్సీ గోడౌను పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఇచ్చిన లైసెన్సుతో, గాలి ఆడేలా, జనానికి దూరంగా కట్టినది. పూర్ణా మార్కెట్టు చుట్టుపక్కల సందుల్లో ఇళ్ల మధ్య ఉండే ఇనుప సామాన్ల కొట్టు అలా కట్టినది కాదు. ఆ బండ ఎక్కడో ఒకచోట ఉండక తప్పనప్పుడు, అక్కడి కంటే ఇక్కడ ఉండడం మేలు. పైగా పరీక్షకు నిలిచే బండలు తిరిగి వస్తే కంపెనీకి కొత్తవి కొనే ఖర్చు తగ్గుతుంది, దానికి ఇది నష్టం కాదు.

రిక్షా ఎక్కిన బండలన్నీ కోతకు పోవని కూడా తెలుసుకోవాలి. బాగున్నవి చేతులు మారతాయి. టిఫిను బండ్ల దగ్గర, పెళ్లి వంటల దగ్గర, 19 కిలోల వాణిజ్య బండ ఉండవలసిన చోట ఇళ్ల ఎర్ర బండ కనిపిస్తే, అది ఎవరి ఇంటి మెట్ల కింద నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. పెద్ద బండ తలకిందులు చేసి చిన్న బండలోకి గ్యాసు వంపే పని కూడా ఇలాంటి కాగితం లేని బండలతోనే జరుగుతుంది. ఇళ్ల వంటకు ఇచ్చిన గ్యాసును ఇలా మళ్లించడం 2000 సంవత్సరపు ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు కింద నేరం. అయినా ఈ దందాకు పాత్రలు సమకూర్చేది మనం అమ్ముకున్న ఖాళీలే.

అత్తయ్య బండ చివరికి వెళ్లింది. నాలుగోసారి వెళ్లినప్పుడు ఏజెన్సీ యజమాని స్వయంగా ఉన్నారు. ఆయన నా మాట అంతా విని, ఒక తెల్లకాగితం ఇచ్చి, ఈ బండ మీద నాకుగాని మా కుటుంబంలో మరెవరికిగాని హక్కు లేదని, డిపాజిట్టు కోరబోమని రాసి ఇవ్వమన్నారు. రాశాను. ‘మీ వయసు చూసి తీసుకుంటున్నానమ్మా, అందరికీ ఇలా చేయలేను’ అన్నారు. ఆయనకు నేను కృతజ్ఞురాలిని. కానీ ఆ కాగితాన్నే అచ్చువేసి ప్రతి కౌంటరులో పెడితే, వయసు చూడవలసిన అవసరం ఆయనకు రాదు, దయ అడగవలసిన అవసరం నాకు రాదు. ఆ మధ్యాహ్నం డెలివరీ అబ్బాయి వచ్చి, ముందుగా వాల్వు దగ్గర చెవి పెట్టి విన్నాడు, సబ్బునీళ్లు రాసి బుడగ వస్తోందేమో చూశాడు, జేబులోంచి తెల్లటి మూత తీసి నొక్కి బిగించాడు. అడుగు రింగు ఊడిపోతోందని దొర్లించకుండా, బండను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి బండిలో నిలువుగా పెట్టాడు. రిక్షా అబ్బాయి వేలితో మోగించిన బండ కూడా అదే.

ఇంట్లో ఇలాంటివి ఉన్నవారికి రెండు మాటలు. వాల్వు పిన్నును నొక్కి గ్యాసు ఉందో లేదో చూడకండి. పడుకోబెట్టకండి, ఎండలో వదలకండి, గాలి ఆడే నీడలో నిలువుగా, మూత బిగించి ఉంచండి. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకుండా, వేసి ఉన్నది ఆర్పకుండా, తలుపులు తెరిచి 1906కు ఫోను చేయండి. అసలు ఈ గ్యాసుకు సొంత వాసన లేదు, మనకు తెలియాలనే ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన వాసన గల రసాయనం కలుపుతారు. కనెక్షన్ ఎవరి పేరున ఉందో, వోచరు ఎక్కడుందో ఆ మనిషి బతికి ఉండగానే అడిగి తెలుసుకోండి. ఇది అడగడానికి నోరు రాని మాటే, తెలుసు.

ఇక మూడోది, చిన్నది. దానికి ఏ ఏజెన్సీ జవాబుదారీ కాదు, వాళ్ల బండ కాదు గనుక. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలకు ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని చెప్పాయి. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్లు, బ్యాటరీలు, సూదులు, వీటి పేర్లు ఆ నియమాల్లో ఉండేవి, గ్యాసు బండ పేరు ఉండేది కాదు. ఉండాలి. కంపెనీ బండకు కనీసం సొంతదారు ఉన్నాడు, ఈ దిక్కులేని బండలకు ఊరే దిక్కు. వీటిని కార్పొరేషను తన బాధ్యతగా రాసుకుని, లోపలి ఆవిరిని తీయగల పరికరాలూ మనుషులూ ఉన్న బాట్లింగు ప్లాంటుకు అప్పగించే ఏర్పాటు చేయాలి. నేను రెండు కార్యాలయాల్లో అడిగాను. ఒకచోట ఇది మా పరిధి కాదన్నారు, ఇంకోచోట అర్జీ రాసి ఇమ్మన్నారు. ఇచ్చాను.

బిల్డరు పని మొదలుపెట్టవలసిన రోజు వచ్చేసింది. మా ఫ్లాటులో దానికి చోటు లేదు, ఉంచకూడదు కూడా. పెందుర్తిలో అక్క వాళ్లది పెరడు ఉన్న ఇల్లు. వంటింటికి దూరంగా, ప్రహరీ మూల బాదం చెట్టు నీడలో, రెండు ఇటుకల మీద నిలబెట్టి వచ్చాను. పిల్లలు ముట్టకుండా చుట్టూ ముళ్లకంచె వేశాడు బావగారు. వారానికోసారి అక్క ఫోను చేస్తుంది. ఆరోగ్యాలు, కూరలు, మనవల చదువులు అయ్యాక, పెట్టేసే ముందు అడుగుతుంది: ‘అర్జీకి జవాబు వచ్చిందా? దీన్ని ఎవరు తీసుకెళతారటే?’